విడాకుల కేసు నడుస్తోంది, చెల్లి ఇన్‌స్టా అకౌంట్ తీసేయాలా ఉంచాలా? దయచేసి చెప్పండి

కూకట్‌పల్లి_పెద్దక్క | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా చెల్లి విషయంలో సలహా కావాలి. పెళ్ళయి కొన్నేళ్ళయింది, ప్రస్తుతం పుట్టింట్లో ఉంటోంది. అబ్బాయి తరఫువాళ్ళు క్రూరత్వం కింద ఎల్.బి.నగర్ ఫ్యామిలీ కోర్టులో విడాకులకి వేశారు. చెల్లి మెయింటెనెన్స్ (భరణం) అడిగింది. పోయిన వాయిదాకి వాళ్ళు వేసిన కౌంటర్ (కోర్టులో ఇచ్చే రాతపూర్వక జవాబు) చదివాక మా అమ్మకి అన్నం సహించడం లేదు.

దాని వెనక జత చేసినవన్నీ చెల్లి ఇన్‌స్టా, ఫేస్‌బుక్ స్క్రీన్‌షాట్లే. కాలేజీ ఫ్రెండ్ హల్దీలో డ్యాన్స్ చేసిన రీల్ ఒకటి. మనసు బాగోలేదని చెప్పుకుంటున్న మనిషి ఇంత సంతోషంగా ఎలా ఉందని దాని మీద వాదన. ఆ పెళ్ళికూతురికి చెల్లే మేకప్ వేసింది, స్నేహం కొద్దీ, ఊరికే. ఆ అమ్మాయి ఫొటో పెట్టి 'మేకప్ బై' అంటూ చెల్లిని ట్యాగ్ చేసింది. ఇంకేముంది, చెల్లి బ్రైడల్ మేకప్ ఆర్టిస్టు, బాగా సంపాదిస్తోంది, మెయింటెనెన్స్ ఎందుకు అంటున్నారు. గొడవలు మొదలైన కొత్తలో చెల్లి ఎవరి పేరూ పెట్టకుండా 'కొన్ని ఇళ్ళల్లో కోడలంటే జీతం లేని పనిమనిషి' అని ఫేస్‌బుక్‌లో రాసింది. దాని కింద మా బాబాయి, పిన్ని, కజిన్లు అత్తగారి పేరు పెట్టి మరీ తిట్టారు. ఆ కామెంట్లన్నీ ప్రింటు తీసి పెట్టారు.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. అన్నీ తీసేయమని నాన్న, తీస్తే తప్పు ఒప్పుకున్నట్టేనని తమ్ముడు. చెల్లికి టెన్షన్‌తో నిద్ర లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఈ ఫొటోలకి కోర్టులో నిజంగా అంత విలువ ఉంటుందా?

బోయిన్‌పల్లి_బుల్లెట్ | రాత్రి 9:58

అక్కా, ఆలోచించకుండా ఈ రాత్రికే అకౌంట్ లేపేయండి. ఉన్నంతసేపు ఏదో ఒకటి తవ్వుతూనే ఉంటారు.

నాగోల్_వకీలు | రాత్రి 10:21

బుల్లెట్ తమ్ముడూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వొద్దు. అమ్మా, మీ చెల్లెల్ని ఏమీ డిలీట్ చేయొద్దని ఈ రాత్రికే చెప్పండి. నేను ఫ్యామిలీ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను, కొంచెం వివరంగా రాస్తాను.

వాళ్ళ దగ్గర స్క్రీన్‌షాట్లు ఎలాగూ ఉన్నాయి. మీరిప్పుడు తీసేస్తే పోయేది మీ దగ్గరున్న అసలే. ఆ రీల్ ఎవరి పెళ్ళిది, ఏ తేదీది, కింద ఎవరు ఏం రాశారు అన్న సందర్భమంతా దాంతోపాటే పోతుంది. రేపు క్రాస్‌లో, అంటే ఎదుటి లాయర్ ప్రశ్నలు వేసేటప్పుడు, 'కేసు వేశాక ఎందుకు తీసేశారు' అని అడిగితే జవాబు చెప్పుకోవడం కష్టం. పైగా కోర్టుకి రాకుండా చేయాలని ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 241వ సెక్షన్ కింద నేరం.

అకౌంట్‌ని ప్రైవేట్ చేసుకోవచ్చు, అందులో తప్పు లేదు. కొన్నాళ్ళు వాడకుండా పక్కన పెట్టేయొచ్చు. అంతకు ముందే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసి దాచమనండి. కొత్తగా వచ్చిన ఫాలోయర్లని ఒకసారి చూసుకోండి. ఈమధ్యే పుట్టుకొచ్చిన, ఒక్క ఫొటో కూడా లేని అకౌంట్లు ఉంటే అవి ఎవరివో ఊహించడం పెద్ద కష్టం కాదు.

ఇక విలువ సంగతి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో 14వ సెక్షన్ ఉంది. వివాదం తేల్చడానికి పనికొస్తుందనుకుంటే, మామూలు సాక్ష్య చట్టం లెక్కన చెల్లినా చెల్లకపోయినా, ఏ కాగితాన్నైనా జడ్జిగారు చూడొచ్చు. అందుకే స్క్రీన్‌షాట్ లోపలికి రావడం సులువు. వచ్చిందల్లా రుజువైపోదు. ఒక సాయంత్రం నవ్వినంత మాత్రాన ఆరు నెలల బాధ అబద్ధమని ఏ జడ్జీ తేల్చేయరు. మీ చెల్లెలు కౌంటర్‌లోనో చీఫ్ అఫిడవిట్‌లోనో (తన సాక్ష్యం రాసిచ్చే ప్రమాణ పత్రం) 'ఇల్లు దాటి బయటికి రావడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు' లాంటి వాక్యం రాసి ఉంటే మాత్రం ఆ రీల్ గుచ్చుకుంటుంది. అప్పుడు ఆమె చెప్పిన మిగతా నిజాల్ని కూడా అనుమానంగా చూస్తారు. కాబట్టి ముందు మీ లాయర్ గారితో కూర్చుని మన కాగితాల్లో ఏం రాశామో లైను లైనుగా చదవండి.

మేకప్ ట్యాగ్ గురించి పెద్దగా భయపడకండి. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చుల అఫిడవిట్ వేయాలి. అందులో చెల్లెలు నిజం రాసి బ్యాంక్ స్టేట్‌మెంట్ జత చేస్తే ఆ ట్యాగ్ తేలిపోతుంది. అవసరమైతే పెళ్ళికూతురితోనే అఫిడవిట్ వేయించండి. అసలు ఎప్పుడైనా డబ్బు తీసుకుని మేకప్ వేసి ఉంటే, చిన్న మొత్తమైనా సరే, దాచకుండా రాయమనండి. ఫోన్‌పేలో వచ్చిన రెండు వేలు దాచి దొరికిపోతే, నిజంగా రావాల్సిన మెయింటెనెన్స్‌కి ఎసరు వస్తుంది.

చందానగర్_స్వప్న | రాత్రి 10:47

వకీలు గారు చెప్పింది బాగుంది. కానీ నాకు కడుపు మండే విషయం ఒకటుంది. కేసులో ఉన్న ఆడపిల్ల ఏడుస్తూనే ఉండాలా? మగవాళ్ళు గోవా వెళ్ళి బీచ్‌లో ఫొటోలు పెడితే ఎవరూ అడగరు. ఆడపిల్ల ఫ్రెండ్ పెళ్ళిలో పసుపు రాయించుకుంటే అది సాక్ష్యం! మా కజిన్ కేసులో పుట్టినరోజుకి కేక్ కోసిన ఫొటో కూడా పెట్టారు. అక్కా, మీ చెల్లి ఆ పెళ్ళికి వెళ్ళడం తప్పు కానే కాదు, ముందు ఆ మాట ఆమెకి చెప్పండి.

నాగోల్_వకీలు | రాత్రి 10:55

నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటున్నానమ్మా. వెళ్ళడం తప్పు కాదు, నవ్వడం అసలే కాదు. కేసు నడిచినంతకాలం పోస్టు పెట్టకుండా ఉండమంటున్నది ఎదుటి పక్షానికి ఉచితంగా సరుకు అందకుండా చూసుకోవడానికే. గోవా ఫొటోల గురించి అడిగారు కదా, అవి కూడా పనికొస్తాయి. 'ఉద్యోగం పోయింది, ఇంటద్దెకే లేదు' అని అఫిడవిట్ వేసిన భర్త కొత్త కంపెనీ ఐడీ కార్డు మెళ్ళో వేసుకున్న ఫొటో, లింక్డ్ఇన్‌లో కొత్త హోదా, ఇలాంటివి మెయింటెనెన్స్ కేసుల్లో తరచూ వస్తుంటాయి. ఆ ఫొటో చూపించి ఆగిపోకూడదు. దాన్ని ఆధారం చేసుకుని ఐ.ఏ. (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేసి, ఆ కంపెనీ నుంచి జీతం వివరాలు తెప్పించమని కోర్టుని అడగాలి. ఫొటో దారి చూపిస్తుంది, అంకె పే స్లిప్పే చెప్పాలి.

హార్డ్‌డిస్క్_హరి | రాత్రి 11:30

నేను డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో పని చేస్తాను. దాచుకోవడం ఎలాగో చెప్తాను, చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు.

ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇవ్వాల్సిన ధ్రువపత్రాన్ని పాత సాక్ష్య చట్టంలో 65బి సర్టిఫికెట్ అనేవాళ్ళు గుర్తుందా? 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ వచ్చింది. ఇప్పుడు సర్టిఫికెట్‌కి రెండు భాగాలు. ఎ భాగం ఆ ఫోనో కంప్యూటరో ఎవరి చేతిలో ఉందో వాళ్ళు నింపాలి. బి భాగం నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్ లోపలున్న సమాచారం మొత్తం నుంచి లెక్కగట్టే ఒక పొడవాటి అక్షరాల, అంకెల వరస. వాట్సాప్ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే టెక్స్ట్ ఫైల్లో ఎవరైనా ఒక్క చుక్క చేర్చినా ఆ వరస మొత్తం మారిపోతుంది. దాచిన రోజే హ్యాష్ తీసి పెట్టుకుంటే, తర్వాత మార్చారన్న మాటకి జవాబు మన చేతిలో ఉంటుంది.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు అందం కోసం కత్తిరించకండి. పైన పేరు, నంబరు, తేదీ, టైము కనబడాలి. ఒక్క మెసేజ్ కాకుండా ముందు నాలుగు, వెనక నాలుగు కలిసి ఉండాలి, లేదంటే మధ్యలో ముక్క పట్టుకొచ్చారని అంటారు. ఫేస్‌బుక్ పోస్టు అయితే దాని లింకు కూడా రాసుకోండి. పేరు, ఫొటో మార్చి దొంగ చాట్ తయారు చేయడం ఇప్పుడు పిల్లలకి కూడా చేతనవును, అందుకే అసలు ఫోన్ ముఖ్యం. పండగ ఆఫర్ వచ్చిందని పాత ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయొద్దు. ఆ చాట్ తనది కాదని ఎదుటివాళ్ళు వాదిస్తే, కోర్టు ఫోన్‌ని రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపొచ్చు. పంపడానికి ఫోన్ ఉండాలి కదా.

డిసపియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో ఇప్పుడే చూడండి. ఆన్‌లో ఉంటే అవి వాటంతటవే పోతాయి.

కూకట్‌పల్లి_పెద్దక్క | రాత్రి 11:52

హరి గారూ, వకీలు గారూ, ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. చెల్లితో మాట్లాడాను, ఏమీ తీయలేదు. కానీ అఫిడవిట్‌లో 'ఎలాంటి ఫంక్షన్లకి వెళ్ళడం లేదు' అన్న మాట ఉందట. లాయర్ గారి ఆఫీసులో రాసుకున్నారు, చెల్లి సంతకం చేసింది.

నాగోల్_వకీలు | మంగళవారం, ఉదయం 7:10

ఇలాంటి మాటలు నమూనా కాగితాల్లోంచి వచ్చేస్తుంటాయి. క్రాస్ దాకా ఆగకుండా రేపే మీ లాయర్ గారిని కలవండి. సవరణ పిటిషనో, అదనపు అఫిడవిటో ఏది కుదిరితే అది వేసి, ఆ పెళ్ళికి వెళ్ళిన మాట మనమే చెప్పేయాలి. మన నోటితో ముందే చెప్పిన దాన్ని వాళ్ళు బయటపెట్టడానికి ఏమీ మిగలదు.

నాన్న_ఒక్కడే | ఉదయం 8:35

ఇక్కడ ఎక్కువమంది ఆడపిల్లల తరఫున రాస్తున్నారు, సంతోషం. నాది ఇంకో వైపు. నేను భార్య నుంచి విడిగా ఉంటున్నాను, పాప వాళ్ళమ్మ దగ్గర ఉంది. ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది. మా పెళ్ళి గురించి వాళ్ళ మేనమామ ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు పెట్టాడు, నా ఫొటోతో సహా. నేనేం చేశానో ఏం చేయలేదో కోర్టు తేలుస్తుంది, ఆ సంగతి ఇక్కడ వద్దు. ఆ పోస్టుని పాప క్లాస్‌మేట్ వాళ్ళమ్మ ఫోన్లో చూసి స్కూల్లో పాపకి చూపించింది. ఆ ఆదివారం పాప నా స్కూటీ వెనక కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ట్యాంక్‌బండ్ దగ్గర ఆపితే అడిగింది: 'నాన్నా, అందులో కామెంట్ పెట్టిన అంకుల్స్ అందరికీ నువ్వు తెలుసా?'

నాకు వాళ్ళలో సగం మంది తెలీదు. తెలీని మనుషులు నా కూతురి ముందు నన్ను తిట్టారు. అయినా నేను తిరిగి పోస్టు పెట్టలేదు, నా తరఫువాళ్ళని కూడా పెట్టనివ్వలేదు. పిల్లలున్న కేసుల్లో అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. మీ కోపం మీది. పిల్లల ఫొటో, పిల్లల పేరు, పిల్లల స్కూలు యూనిఫాం ఆ గొడవలోకి తేవద్దు.

నాగోల్_వకీలు | ఉదయం 9:20

అన్నా, మీరు తిరిగి రాయకపోవడం కోర్టులో కూడా మీకు మంచిదే. కస్టడీ విషయంలో జడ్జిగారు చూసేది పిల్లల క్షేమం ఒక్కటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం దగ్గర్నుంచీ అదే సూత్రం. రెండో పక్షం మీద పిల్లల మనసు విరిచేది ఎవరు, ప్రేమ నిలబెట్టేది ఎవరు అన్నది తప్పకుండా చూస్తారు. పిల్లల్ని అడ్డం పెట్టుకుని పెట్టిన పోస్టులు పెట్టినవాళ్ళకే ఎదురు తిరుగుతాయి. ఆ పోస్టుని పాప ఎలా చూసిందో తేదీతో సహా రాసి పెట్టుకోండి. పాపని మాత్రం దాని గురించి మళ్ళీ మళ్ళీ అడగకండి.

కొండాపూర్_ఐటీ_అమ్మాయి | మధ్యాహ్నం 1:15

నా సమస్య వేరే. నా భర్త నాకు తెలియకుండా నా ఫోన్లో ఏదో యాప్ వేశారు. నేను మా అమ్మతో, నా ఫ్రెండ్‌తో చేసుకున్న చాట్లు, కాల్ రికార్డింగులు ఇప్పుడు కోర్టులో వేస్తానంటున్నారు. అమ్మతో మాట్లాడేటప్పుడు కోపంలో ఎన్నో అంటాం. అవి కూడా సాక్ష్యమేనా? ప్రైవసీ అన్నది ఉండదా?

తార్నాక_మాస్టారు | మధ్యాహ్నం 2:02

అమ్మాయీ, తప్పుగా అనుకోవద్దు. భార్యాభర్తల మధ్య దాపరికం ఏముంటుంది? తప్పు చేయనివాళ్ళకి ఫోన్ చూస్తే భయమెందుకు? నిజం బయటికి రావడానికి వేరే దారి లేనప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తాడు?

కొండాపూర్_ఐటీ_అమ్మాయి | మధ్యాహ్నం 2:20

మాస్టారూ, మీరు పెద్దవారు. కానీ నేను మా అమ్మకి నా ఆరోగ్యం గురించి చెప్పుకున్న మాటలు ఆయనా, వాళ్ళ అన్నయ్యా, వాళ్ళ లాయరూ కూర్చుని విన్నారు. నేను చేసిన తప్పు ఒక్కటి చెప్పండి. అందులో నిజం బయటపడటం ఎక్కడుంది? నా ఒంటి మీద బట్ట లాగినట్టు అనిపించింది నాకు.

నాగోల్_వకీలు | మధ్యాహ్నం 3:40

ఈ విషయంలో రెండు ప్రశ్నల్ని వేరు చేసుకోవాలి. అది సాక్ష్యంగా చెల్లుతుందా అన్నది ఒకటి. దాన్ని సంపాదించిన తీరు నేరమా అన్నది రెండోది.

మన హైదరాబాద్‌లోనే, అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో ఒక తీర్పు ఇచ్చింది. భార్య ఇతరులతో మాట్లాడిన ఫోన్ మాటల్ని భర్త ఆమెకి తెలియకుండా రికార్డు చేయడం చట్టవిరుద్ధం, అది ఆమె ప్రైవసీకి భంగం, నిజమైన రికార్డింగే అయినా తీసుకోం అంది. తర్వాత 2017లో సుప్రీంకోర్టు ప్రైవసీని ప్రాథమిక హక్కు అంది. అయితే 2025 జులై 14న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఆ కేసులో భర్త రికార్డు చేసింది తనకీ భార్యకీ మధ్య జరిగిన ఫోన్ సంభాషణల్ని. భార్యాభర్తల మధ్య కేసులో అలాంటివి సాక్ష్యంగా తీసుకోవచ్చు అంది కోర్టు. దంపతులు ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే చెడిందనడానికి అదే గుర్తు అని కూడా అంది.

కాబట్టి మీరు ఆయనతో మాట్లాడిన మాటలు, ఆయనకి పంపిన మెసేజ్‌లు సాక్ష్యం అవుతాయనుకునే ఉండాలి. మీరు మీ అమ్మగారితో మాట్లాడినవి వేరే సంగతి. 2025 తీర్పు దంపతుల మధ్య మాటల గురించి, మీ లాయర్ ఆ తేడాని గట్టిగా వాదించాలి. ఒకవేళ కోర్టు తీసుకున్నా, తీసుకున్నంత మాత్రాన ఆయన చేసిన పని మంచిదైపోదు. అనుమతి లేకుండా ఫోన్లోకి చొరబడటం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది, మూడేళ్ళ దాకా జైలు. మోసంతో వేరేవాళ్ళ పాస్‌వర్డ్ వాడటం 66సి. ఒక స్త్రీ ఇంటర్నెట్, మెయిల్ వాడకాన్ని కనిపెట్టుకుని ఉండటం న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో స్టాకింగ్ కింద ఉంది. 1930కి ఫోన్ చేసి గానీ, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, పెళ్ళయినంత మాత్రాన ఫోన్ ఉమ్మడి ఆస్తి కాదు.

హార్డ్‌డిస్క్_హరి | సాయంత్రం 4:05

చెల్లెమ్మా, ఆ యాప్‌ని కోపంలో తీసేయకండి, ఫోన్ రీసెట్ కూడా వద్దు. మీ ఫిర్యాదుకి అదే ఆధారం. ఆ ఫోన్ పక్కన పెట్టి వేరే ఫోన్ వాడండి. వేరే ఫోన్ నుంచే మెయిల్, క్లౌడ్ పాస్‌వర్డ్‌లు మార్చి, ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉందో చూడండి. చాలా ఇళ్ళల్లో నిఘా యాప్ అవసరమే ఉండదు. పిల్లలు కార్టూన్లు చూసే పాత ట్యాబ్‌లో అమ్మ మెయిల్ లాగిన్ అయి ఉంటుంది, ఫొటోలు, లొకేషన్ అన్నీ అందులో కనిపిస్తాయి. బట్టలు సర్దుకుని పుట్టింటికి వచ్చేవాళ్ళు ట్యాబ్ సంగతి మర్చిపోతారు.

తార్నాక_మాస్టారు | సాయంత్రం 6:30

ఆరోగ్యం గురించి తల్లితో చెప్పుకున్న మాటలు విన్నారన్నది నన్ను బాధపెట్టింది. అది తప్పే. నా అభిప్రాయం మోసం జరిగిన సందర్భాల గురించి. దొంగచాటు సంబంధం ఉందనుకోండి, చాట్లు కాక ఇంకెలా తెలుస్తుంది?

నాగోల్_వకీలు | సాయంత్రం 6:58

2018లో సుప్రీంకోర్టు వ్యభిచారాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది గానీ, విడాకులకి అదింకా కారణమే. చాట్‌లో హృదయం బొమ్మలతో అది రుజువు కాదు. అలాంటి చాట్లతో మానసిక క్రూరత్వం వాదించడమే ఎక్కువగా చూస్తుంటాం.

పాతబస్తీ_పిల్ల | సాయంత్రం 7:25

మా వీధుల్లో ఎక్కువగా ఎదురయ్యే విషయం ఇక్కడ ఎవరూ రాయలేదు. గల్ఫ్‌లో ఉన్న భర్త వాట్సాప్‌లో మూడుసార్లు తలాక్ అని పంపడం. 2019లో వచ్చిన ముస్లిం మహిళల చట్టం ప్రకారం, మాటగా చెప్పినా, రాసి పంపినా, ఫోన్ మెసేజ్‌లో పంపినా అది చెల్లదు. పంపినవాడికి మూడేళ్ళ దాకా శిక్ష. ఆ అమ్మాయి గానీ, ఆమె రక్తసంబంధీకులు, వివాహ బంధువులు గానీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. తనకీ, మీద ఆధారపడ్డ పిల్లలకీ జీవనభృతి, మైనర్ పిల్లల కస్టడీ కూడా అడగొచ్చు. కానీ అవమానంతో ఆ మెసేజ్‌నే డిలీట్ చేసేస్తున్నారు. వాయిస్ మెసేజ్ అయితే ఇంట్లో అమ్మమ్మలు 'ఆ పాడు మాట ఫోన్లో ఎందుకు' అని తీయించేస్తారు. ఎవరికైనా వస్తే దయచేసి ఉంచుకోండి, ఆ నంబరుని బ్లాక్ చేసే ముందు చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి.

డాలస్_బావ | రాత్రి 9:10

అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ కేసు మొదలవగానే అటువైపు లాయర్ మీ సోషల్ మీడియా ఏదీ చెరపొద్దని ఉత్తరం పంపడం మామూలు. తర్వాత డిస్కవరీలో, అంటే విచారణకి ముందు ఒకరి ఆధారాలు ఒకరు తెప్పించుకునే దశలో, అన్నీ అడుగుతారు. 2010లోనే ఇక్కడి విడాకుల లాయర్ల అకాడమీ తన సభ్యుల్ని అడిగితే, గత ఐదేళ్ళలో సోషల్ నెట్‌వర్కింగ్ సాక్ష్యం పెరిగిందని 81 శాతం మంది చెప్పారు. అప్పటికి ఇన్‌స్టా ఇంకా పుట్టనే లేదు. డిలీట్ చేస్తే ఏమవుతుందో తెలియాలంటే వర్జీనియా సుప్రీంకోర్టు 2013లో తేల్చిన కేసు ఉంది. అది విడాకులది కాదు, రోడ్డు ప్రమాదంలో భార్య చనిపోయిన వ్యక్తిది. ఫేస్‌బుక్‌లో ఫొటోలు శుభ్రం చేయమని లాయర్ ఆఫీసు నుంచే చెప్పారు. చివరికి లాయర్ మీద 5.42 లక్షల డాలర్లు, ఆ మనిషి మీద 1.80 లక్షల డాలర్లు పడ్డాయి. హైదరాబాద్‌లో ఒక కేసు, ఇక్కడ ఒక కేసు నడిచే జంటలు చాలామంది ఉన్నారు, అక్కడ తీసేసింది ఇక్కడ అడుగుతారని గుర్తుంచుకోండి.

చందానగర్_స్వప్న | రాత్రి 9:45

ఒక సందేహం. మరీ ఇంత భయపెడితే, నిజంగా కొట్టించుకుంటున్న అమ్మాయి కూడా నోరు మూసుకుంటుంది కదా? వీడియో పెట్టాకే పోలీసులు కదిలిన సందర్భాలు మనం చూడలేదా?

నాగోల్_వకీలు | రాత్రి 10:15

చాలా అవసరమైన ప్రశ్న. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు ఏ దారి దొరికితే ఆ దారిలో అరవాలి, అక్కడ నేను కేసు గురించి మాట్లాడను. 112 ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, పోలీసుల షీ టీమ్స్, బాధితులకి సాయం చేసే భరోసా సెంటర్ ఉన్నాయి. గాయాల ఫొటోలు తీయండి, డాక్టర్‌కి చూపించి కాగితం తీసుకోండి, వాటిని పోలీసులకి, కోర్టుకి ఇవ్వండి. వ్యక్తిగత ఫొటోలు ఎక్కడైనా పెడతానని బెదిరిస్తే ఆలస్యం చేయొద్దు. అలాంటి ఫొటోల మీద బాధితురాలు ఫిర్యాదు ఇస్తే ఆ వేదిక వాటిని 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ నిబంధనలు మొదట చెప్పాయి, 2026 ఫిబ్రవరి సవరణతో ఆ గడువు రెండు గంటలైంది.

నేను వద్దంటున్నది వేరే. కేసు కాగితాలు ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం, భర్త ఆఫీసుని ట్యాగ్ చేయడం, భార్య గురించి అసభ్యంగా స్టేటస్ పెట్టడం. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కేసుల విచారణ బయటివాళ్ళ మధ్య జరగకూడదు, అందులోని విషయాలు ప్రచురించకూడదు. జరిమానా వెయ్యి రూపాయలే, కానీ జడ్జిగారి దగ్గర పోయే మంచిపేరుకి లెక్కలేదు. 2013లో మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు, ఆధారం లేని అసభ్య ఆరోపణలు చేయడం, ఉద్యోగం దెబ్బతినేలా ఫిర్యాదులు, వార్తలు పుట్టించడం మానసిక క్రూరత్వం కావచ్చని చెప్పింది. దీనికి ఆడా మగా తేడా లేదు. పరువునష్టం కేసు దీనికి అదనం.

కూకట్‌పల్లి_పెద్దక్క | బుధవారం, రాత్రి 8:30

ఈరోజు లాయర్ గారిని కలిశాం. ఫంక్షన్ల వాక్యం గురించి అదనపు అఫిడవిట్ వేస్తామన్నారు. పెళ్ళికూతురు తనే ఫోన్ చేసి, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానంది, చెల్లి ఏడ్చేసింది. ఇక బాబాయి కామెంట్లు. ఆయన ఇప్పుడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో కూడా రోజూ ఏదో ఒకటి పెడుతున్నారు. ఆ గ్రూప్‌లో రెండు వైపులా చుట్టాలున్నారు. ఆయన రాసింది చెల్లి మీదికి వస్తుందా?

నాగోల్_వకీలు | రాత్రి 9:05

బాబాయి గారు రాసిన దానికి చట్టప్రకారం బాధ్యులు ఆయనే. కానీ చెల్లెలు ఆ కామెంట్లకి లైక్ కొట్టిందా, కింద ఏమైనా రాసిందా చూడండి. కొట్టి ఉంటే 'మీరు సమర్థించారు కదా' అని అడుగుతారు. ఆ గ్రూప్ నుంచి చెల్లెలు బయటికి రావడం మంచిది, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకున్న తర్వాతే. బాబాయి గారితో ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ప్రేమతోనే రాస్తున్నారని ఒప్పుకుంటూనే, ఆ ప్రేమ రేపు ఎగ్జిబిట్ (కోర్టు సాక్ష్యం) నంబరు వేసుకుని చెల్లెలి ముందుకే వస్తుందని చెప్పండి.

నాన్న_ఒక్కడే | రాత్రి 9:40

ఒకటి అడగాలి వకీలు గారూ. మా ఇద్దరికీ మధ్యవర్తిత్వం నడుస్తోంది, మ్యూచువల్‌కి (ఇద్దరి సమ్మతితో విడాకులకి) ఒప్పుకునేలా ఉన్నాం. ఆ మేనమామ పోస్టు అలాగే ఉంది. ఒప్పందంలో దాని గురించి రాసుకోవచ్చా?

నాగోల్_వకీలు | రాత్రి 10:02

తప్పకుండా రాసుకోవచ్చు అన్నా. డబ్బు, కస్టడీ, కేసుల ఉపసంహరణతో పాటు, ఇద్దరూ, ఇద్దరి తరఫు బంధువులూ పెట్టిన పోస్టులు ఫలానా తేదీలోగా తీసేయాలి, ఇకపై ఒకరి గురించి ఒకరు, పాప గురించీ ఏదీ పెట్టకూడదు అని షరతు పెట్టించండి. మామూలుగా 'సోషల్ మీడియా పోస్టులు తొలగించాలి' అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు, అది చాలదు. ఆ పోస్టు లింకు, తేదీ, పెట్టినవాళ్ళ పేరు షెడ్యూల్‌గా జత చేయాలి. మేనమామ ఒప్పందంలో పార్టీ కాదు కాబట్టి, ఆయనతో తీయించే బాధ్యత మీ భార్య తీసుకుంటున్నట్టు రాయాలి, కుదిరితే ఆయనతో విడిగా ఒక హామీ పత్రం మీద సంతకం తీసుకోండి. కేసు నడుస్తుండగా తీయొద్దని పైన చెప్పాను కదా, ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

హిందూ వివాహ చట్టం 13బి (పరస్పర సమ్మతి విడాకులు) కింద మొదటి మోషన్‌కి (ఇద్దరూ కలిసి వేసే పిటిషన్), రెండో మోషన్‌కి (దాన్ని మళ్ళీ ఖరారు చేయడం) మధ్య ఆరు నెలల గడువుంటుంది. ఎంతోకాలంగా విడిగా ఉంటూ అన్నీ తేల్చుకున్నవాళ్ళకి దాన్ని మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మాఫీ అడిగినా అడగకపోయినా, పోస్టులు తీసేసే తేదీ రెండో మోషన్‌కి ముందే పడేలా చూసుకోండి. తీశారో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టొచ్చు.